మీకు తెలుసా? చేప మీద మెరిసే ఆ తెల్ల సాస్ రహస్యం వెన్నే!

పెద్ద రెస్టారెంట్లో చేప ముక్క మీద పట్టులా జారే తెల్లటి సాస్ చూశారా? అందులో మైదా లేదు! గుడ్డు లేదు! కార్న్‌ఫ్లోర్ అసలే లేదు! 200 గ్రాముల వెన్న, రెండు చెంచాల పులుపు నీళ్లు. అంతే! దాని పేరు బర్ బ్లాంక్. మీ పొయ్యి మీదే అవుతుంది!

బర్ బ్లాంక్ అంటే ఏంటో తెలుసా? ఫ్రెంచిలో 'తెల్ల వెన్న'! వాళ్ల ఆవు వెన్న పచ్చగా ఉంటుంది. సాస్‌గా గిలక్కొడితేనే తెల్లబడుతుంది. మన గేదె వెన్నకు ఆ కష్టమే లేదు, పుట్టుకతోనే తెలుపు! ఎందుకంటే గేదె, మేతలోని పసుపు రంగు కెరోటిన్‌ను విటమిన్ 'ఎ'గా మార్చేసుకుంటుంది. పైగా దాని పాలలో కొవ్వు సుమారు 7 శాతం!

ఇంత గొప్ప సాస్ ఓ మతిమరుపులో పుట్టిందట! సుమారు 1890. ఫ్రాన్స్‌లో నాంత్ నగరం దగ్గర, లువార్ నది ఒడ్డు. క్లెమాన్స్ లఫెవ్ర్ అనే వంటావిడ బేర్నేజ్ సాస్ మొదలుపెట్టారు. అందులో పడాల్సిన గుడ్డు సొన వేయడం మరిచారు! అయినా గిన్నెలో సాస్ నిలబడింది! అక్కడివాళ్లు ఈ కథ ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

గోదారి జిల్లాల వాళ్లూ, కాస్త దగ్గరికి రండి! లువార్ ఒడ్డున ఈ సాస్ ఏ చేప మీద పోసేవారో తెలుసా? అలోజ్! సముద్రం నుంచి నదిలోకి ఎదురీది వచ్చి గుడ్లు పెట్టే చేప. అచ్చం మన పులస! పోలికే కాదు, చుట్టరికం కూడా ఉంది! పులస శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలీషా. ఆ మొదటి మాట చివర 'అలోసా' వినబడిందా? అలోజ్ శాస్త్రీయ నామమూ అదే! వాళ్ల నది పొడవు దాదాపు 1000 కిలోమీటర్లు, ఫ్రాన్స్‌లో అదే పెద్దది. కొవ్వు పట్టిన ఏటి చేపకు అక్కడ వైన్, వెనిగర్ పులుపు. ఇక్కడ చింతపండు పులుపు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే రెండు నదుల వాళ్లూ పులుపు దగ్గరే కలిశారు! నాకు ఈ వంటలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

సరే, చేయడం ఎలా? సాంబారు ఉల్లిపాయలు సన్నగా తరగండి. వైన్, వెనిగర్ కలిపి అర కప్పు పోసి మరిగించండి. వైన్ లేదా? వెనిగర్‌లో నీళ్లు కలపండి, చాలు! అదంతా ఇగిరి 2 చెంచాలు మిగలాలి. మంట బాగా తగ్గించి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ గిలక్కొట్టండి. కళ్లముందే చిక్కబడుతుంది!

అసలు గారడీ ఆ గిన్నెలోనే! వెన్నలో సుమారు 16 శాతం నీళ్లే! మామూలు వెన్నలో కొవ్వు మధ్య నీటి చుక్కలు దాక్కుని ఉంటాయి. సాస్‌లో అదంతా తలకిందులు! నీటి మధ్య కొవ్వు చుక్కలు తేలతాయి. వాటిని విడిపోకుండా పట్టుకునేది వెన్నలోనే ఉన్న పాల ప్రోటీన్లు, లెసిథిన్ వంటి పదార్థాలు. బయటి సాయం ఏదీ అక్కర్లేదు!

కానీ దీనికి ఓ లక్ష్మణరేఖ ఉంది. 58 డిగ్రీల సెల్సియస్! అది దాటిందా, నూనె వేరు, నీళ్లు వేరు! కాబట్టి వెన్న పడ్డాక ఒక్క బుడగ కూడా రానివ్వకండి!

చేప సంగతికొద్దాం. పెనం మీద వేసే ముందు గుడ్డతో తడి తుడవమంటారు కదా. ఎందుకో తెలుసా? ఒక గ్రాము మరిగే నీరు ఆవిరవడానికి 540 కేలరీల వేడి మింగేస్తుంది! అదే గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా తేవడానికి అందులో అయిదో వంతు కూడా పట్టదు. అంటే తడి చేప మీ మంటనంతా ఆవిరికే ధారపోస్తుంది! తుడిచిన చేప ఎర్రగా, కరకరలాడుతూ వేగుతుంది. మన చందువ, పండుగప్ప రెండూ దీనికి చక్కగా నప్పుతాయి!

ఫ్రాన్స్‌లో బర్ బ్లాంక్ చేపకు అక్కలాంటి వంట ఇంకోటి ఉంది. సోల్ మునియేర్! మునియేర్ అంటే పిండిమర యజమాని భార్య. చేపను పిండిలో దొర్లిస్తారు కదా, అందుకు! ఇక ఆ సోల్ చేప మరీ వింత. పిల్లగా ఉన్నప్పుడు కళ్లు చెరో పక్క. పెరిగేకొద్దీ ఓ కన్ను తల మీదుగా జరిగిపోతుంది. చివరికి 2 కళ్లూ ఒకే పక్క!

ఈ ఒక్క చేప ఓ జీవితాన్నే మార్చేసింది! రువాన్ ఊళ్లో లా కురోన్ అనే హోటల్. 1948 నవంబరు. అమెరికా నుంచి వచ్చిన జూలియా చైల్డ్ అనే ఆవిడ అక్కడ సోల్ మునియేర్ తిన్నారు. ఫ్రాన్స్‌లో ఆవిడకు అదే మొదటి భోజనం! తర్వాత ఫ్రెంచి వంట నేర్చుకున్నారు. పుస్తకం రాశారు. టీవీలో లక్షల ఇళ్లకు నేర్పారు!

సోల్ మునియేర్‌లో వెన్నను ఎర్రగా కాచి పోస్తారు. ఆ వెన్న పేరు బర్ న్వాజెట్, అంటే హేజల్‌నట్ వెన్న. కానీ అందులో ఒక్క గింజా ఉండదు! వెన్నలో నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైపోయాక, అడుగున పాల పలుకులు ఎర్రబడి ఆ కమ్మటి వాసన ఇస్తాయి. ఈ వాసన మీకు కొత్తేం కాదు! అమ్మమ్మ నెయ్యి కాస్తే వీధి చివరిదాకా వచ్చేది ఇదే! మనం ఆ గసిని వడకట్టి నెయ్యి ఉంచుకుంటాం. వాళ్లు గసితో సహా చేప మీద పోసి, నిమ్మకాయ పిండుతారు!

ఇక, బర్ బ్లాంక్ విరిగిపోయిందా? పారబోయకండి! వేరే గిన్నెలో 1 చెంచా చల్లటి క్రీమ్ వేయండి. విరిగిన సాస్‌ను బొట్టు బొట్టుగా అందులో పోస్తూ గిలక్కొట్టండి. ముందు పలచగా ఉంటుంది. కాస్త చిక్కబడుతుంది. అదిగో, మళ్లీ మెరుస్తోంది! చేప చల్లారకముందే పోసేయండి!