గడప దాటని పరదేశులు

దేశంలోకి ఎందరొచ్చారు, ఎందరు వెళ్లారు? పుదుచ్చేరిలో అడిగి చూస్తే లెక్క తేలదు. ఎందుకు తేలదో మాత్రం తేలుతుంది.

ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఉన్నారనుకుందాం. ముగ్గురూ పుదుచ్చేరిలో పుట్టినవాళ్లే, ముగ్గురూ ఫ్రెంచి పౌరులే. పెద్దవాడు ఇంటిపట్టునే ఉన్నాడు. నడిపివాడు మద్రాసులో కొలువు చేస్తున్నాడు. చిన్నవాడు సైగాన్‌లో ఫ్రెంచి దొరతనం కింద గుమాస్తాగా చేరి అక్కడే స్థిరపడ్డాడు. 1962 ఆగస్టు 16న భారత్, ఫ్రాన్సుల మధ్య పుదుచ్చేరి విలీన ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆ రోజుతో పెద్దవాడు, నడిపివాడు భారతీయులయ్యారు. చిన్నవాడు ఫ్రెంచివాడిగానే మిగిలాడు. పుట్టిన ఊరు ఒకటే అయినా, ఆనాడు ఎవరు ఎక్కడ కాపురమున్నారన్న దాన్నిబట్టి పౌరసత్వం తేలిపోయింది. నచ్చనివాళ్లు మార్చుకోవడానికి ఆరు నెలల గడువిచ్చారు. ఆ గడువులో పుదుచ్చేరివాళ్లు సుమారు ఐదు వేల మంది ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంటామని రాసిచ్చారు.

రాసిచ్చి ఎక్కడికీ పోలేదు. చాలామంది అదే వీధిలో, అదే ఇంట్లో ఉండిపోయారు. వాళ్ల పిల్లలకు, మనవలకు ఆ పౌరసత్వం సంక్రమించింది. 2022 ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికల నాటికి పుదుచ్చేరి కాన్సులేట్ పరిధిలోని ఓటర్లు దాదాపు నాలుగున్నర వేలు. వీళ్లలో పారిస్ మొహం చూడనివాళ్లూ ఉన్నారు.

మరి వీళ్లు వలస వచ్చినవాళ్ల కిందకి వస్తారా? జనగణన ఎన్యుమరేటర్‌ని అడిగితే రారంటాడు. 2011 జనాభా లెక్కల్లో ఆయన అడిగింది ఎక్కడ పుట్టావు, ఇంతకుముందు ఎక్కడున్నావు అని. రెండింటికీ జవాబు పుదుచ్చేరే. పౌరసత్వాన్ని బట్టి వలసదారుల్ని లెక్కేసే దేశాల పద్ధతిలో చూస్తే వీళ్లు నికార్సైన విదేశీయులు. ఇక ఫ్రాన్సు చిట్టాలో వీళ్లు ‘విదేశాల్లో నివసిస్తున్న ఫ్రెంచివారు’, అంటే సొంత దేశం వదిలి వెళ్లినవాళ్ల వరస. పుట్టిన ఇంట్లో కూర్చున్న మనిషి ఒక లెక్కలో కదలనివాడు, ఇంకో లెక్కలో వచ్చినవాడు, మూడో లెక్కలో వెళ్లినవాడు. మూడూ అబద్ధం కావు. ప్రశ్నలు వేరు, అంతే.

ఐక్యరాజ్యసమితి 1998లో ఒక కొలబద్ద ఇచ్చింది. మామూలుగా ఉండే దేశం వదిలి మరో దేశంలో కనీసం 12 నెలలు ఉంటే దీర్ఘకాల వలస కింద లెక్క. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ విమానం దిగేవాడు ఏడాది ఉంటాడో లేదో ఆ రోజే ఎవరికి తెలుసు? వాడికే తెలియకపోవచ్చు.

పైగా రెండు కొలతలు కలగలిసిపోతుంటాయి. చెరువులో ఇప్పుడు ఎన్ని నీళ్లున్నాయన్నది ఒకటి, ఈ ఏడు కాలువ వెంట ఎన్ని వచ్చాయి, తూము గుండా ఎన్ని పోయాయన్నది మరొకటి. 2024లో ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం భారత్‌లో పుట్టి బయట ఉంటున్నవాళ్లు 1.85 కోట్లు. మన విదేశాంగ శాఖ చెప్పే ప్రవాస భారతీయులు 3.5 కోట్లు. ఎవరూ తప్పు చెప్పడం లేదు. శాఖ లెక్కలో తాతల కాలంలో వెళ్లినవాళ్ల సంతతీ ఉంది. రెండూ ఈ క్షణాన చెరువులో ఉన్న నీటి సంగతే చెబుతాయి. తూము దగ్గర మనం కొలపాత్ర పెట్టిందే తక్కువ.

పెట్టిన రోజులూ ఉన్నాయి. 1828లో ‘లా తుర్క్వాజ్’ అనే ఓడలో ఫ్రెంచి ఏలుబడిలోని యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలు ఇప్పటి రీయూనియన్ దీవిలోని చెరకు తోటలకు వెళ్లారు. 1848లో ఫ్రాన్సు తన వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దు చేశాక తోటలకు మనుషులు కరువయ్యారు, పుదుచ్చేరి, కారైకాల్ రేవులు రద్దీ అయ్యాయి. 1853లో కరీబియన్‌లోని మార్తినీక్‌కు, 1854లో గ్వాదెలూప్‌కు మొదటి కూలీ ఓడలు చేరాయి. గ్వాదెలూప్‌కు 1889 దాకా వెళ్లినవాళ్లు 42 వేల పైచిలుకు. తిరిగొచ్చింది నాలుగో వంతు కూడా లేదు. రీయూనియన్‌కు వెళ్లినవాళ్లు లక్ష దాటారు.

నూట డెబ్బై ఏళ్ల కిందటి ఆ లెక్కలు తలకు తల రాసినవి. ఇవాళ పుదుచ్చేరి నుంచి ఏటా ఎందరు దేశం దాటుతున్నారో అంత కచ్చితంగా చెప్పగల పుస్తకం లేదు. కారణం దయ కాదు, డబ్బు. కూలీని తెచ్చినందుకు తలకింత చొప్పున చేతులు మారేది, అందుకే ప్రతి తలకూ ఒక గీత పడేది. మారిషస్‌లో దిగిన ప్రతి ఒక్కరికీ ఒక వలస సంఖ్య వేసి రిజిస్టరు కట్టారు. కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్లు ఆ పుస్తకాల్లో ఇప్పటికీ దొరుకుతారు. ఖర్చు పెట్టినవాడికి లెక్క కావాలి. తనంతట తాను వెళ్లేవాడి లెక్క ఎవరికి కావాలి?

అంత కచ్చితమైన పుస్తకాల్లోనూ ఒక మెలిక ఉంది. పుదుచ్చేరిలో ఓడెక్కినవాళ్లంతా పుదుచ్చేరివాళ్లు కారు. తంజావూరు, దక్షిణ ఆర్కాటు, గోదావరి జిల్లాల నుంచి, అంటే బ్రిటిషు ఇలాకా నుంచి, మేస్త్రీలు పోగేసి గీత దాటించినవాళ్లు ఎందరో. దీని మీదే తగువు ముదిరి 1861లో బ్రిటన్, ఫ్రాన్సు ఒడంబడిక చేసుకున్నాయి. ఎక్కిన రేవు వేరు, వచ్చిన ఊరు వేరు. ఇప్పుడు ఆ మెలిక తిరగబడింది. పుదుచ్చేరి కుర్రాడు దుబాయికో పారిస్‌కో వెళ్లాలంటే లాస్‌పేట విమానాశ్రయం నుంచి అంతర్జాతీయ సర్వీసులు లేవు, చెన్నై పోవాలి. అతని పాస్‌పోర్టు మీద ముద్ర అక్కడ పడుతుంది.

యానాం ఇంకో పాఠం చెబుతుంది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బాల్యవివాహాలు చేయాలనుకున్న కోస్తా కుటుంబాలు ఆ చట్టం చెల్లని ఫ్రెంచి యానానికి మేళతాళాలతో తరలివచ్చేవి. ఊరికి కళ్యాణపురమన్న పేరే పడింది. చట్టప్రకారం అది ఒక దేశపు ఏలుబడి నుంచి మరో దేశపు ఏలుబడిలోకి ప్రయాణం. మూడు ముళ్లు పడగానే వెనక్కి. సరిహద్దు దాటినవాళ్లను లెక్కపెట్టినంత మాత్రాన వలస తెలియదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తట్టదు.

1908లో పుదుచ్చేరి చేరిన సుబ్రహ్మణ్య భారతి, 1910లో వచ్చిన అరవిందులు ఆనాడు ఇక్కడ పరదేశులే. పక్క జిల్లాలో పుట్టినవాడైనా అంతే. ఫ్రెంచివాళ్లు విదేశీయుల నమోదు కట్టుదిట్టం చేసినప్పుడు, ఊళ్లో ఐదుగురు పెద్దమనుషుల సంతకాలు సంపాదించి అరవిందులు గండం గట్టెక్కారు. భారతి, అరవిందుల ఇళ్ల ముందు బ్రిటిషు గూఢచారులు కాపలా కాసి, ఎవరొచ్చారో ఎవరు వెళ్లారో రాసుకునేవారు. కొలత ఎప్పుడూ ఎవరో ఒకరి అవసరానికి పుట్టేదే.

ఇప్పటి మన తూముకి ఉన్న కొలపాత్ర చిల్లులది. 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్తే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, కాబట్టి నమోదవుతారు. పదో తరగతి గట్టెక్కిన జగిత్యాల కుర్రాడు అదే కంపెనీకి, అదే పనికి వెళ్తే ఆ పుస్తకంలో ఉండడు. విజిట్ వీసా మీద కువైట్ వెళ్లి ఇళ్లలో పనికి కుదిరిన కడప, గోదావరి ఆడవాళ్లూ ఉండరు. భారతీయులు విమానాశ్రయంలో నింపే నిష్క్రమణ కార్డు కూడా 2017 జులైతో పోయింది. క్యూ తగ్గింది, ఆ కార్డులో రాసే వివరాలూ పోయాయి.

కంప్యూటర్లు, డబ్బు ఉన్న దేశాలకైనా ఈ లెక్క లొంగిందా అంటే, బ్రిటన్ సంగతి చూడండి. దశాబ్దాలపాటు అక్కడ విమానాశ్రయాల్లో, రేవుల్లో కొందరు ప్రయాణికుల్ని ఆపి అడిగి వలస అంచనా కట్టారు. ఐరోపా నుంచి వచ్చినవాళ్లలో చాలామందిని ఆ పద్ధతి పట్టుకోలేకపోయింది. తర్వాత వీసా, పన్ను రికార్డుల మీదకు మళ్లారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస 6.72 లక్షలని మొదట ప్రకటించి, మరుసటేడు అదే కాలానికి 9.06 లక్షలని దిద్దారు. ఎన్నికల వేదికల మీద కొట్టుకునే అంకె అది!

కేరళ ఇంకో దారి తొక్కింది. 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ సాయంతో విమానాశ్రయాన్ని వదిలేసి ఇంటి గుమ్మంలోకి వెళ్లింది. మీ ఇంటివాళ్లు బయట ఎందరున్నారు, ఎక్కడున్నారు, ఎప్పుడు వెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు అని వేల ఇళ్లలో అడిగి రాష్ట్రం మొత్తానికి అంచనా కడుతుంది. 2023 సర్వేలో తేలిన ప్రవాసులు సుమారు 22 లక్షలు. ఇంటిల్లిపాదీ కట్టగట్టుకుని వెళ్లిపోతే జవాబు చెప్పేవాళ్లుండరన్నది ఇందులో లోపం.

పుదుచ్చేరి ఈ పని కేరళకన్నా సులువుగా చేయగలదు. 2011లో ఈ కేంద్రపాలిత ప్రాంతపు నాలుగు భాగాలూ కలిపి జనాభా 12.48 లక్షలు, అందులో యానాం 55 వేల పైచిలుకు. 2027 జనగణన ఇక్కడున్నవాళ్లను లెక్కపెడుతుంది. లేనివాళ్లను ఈ చిన్న ప్రభుత్వం విడిగా అడిగి తెలుసుకోవచ్చు, అందులో పుట్టిన చోటు, పాస్‌పోర్టు, ఏడాదిలో ఎక్కువ కాలం ఉండే చోటు ఈ మూడింటినీ వేర్వేరు గళ్లలో రాసుకోవాలి. ఇక్కడ ఆ మూడూ ఒకటి కాని ఇళ్లు చాలా ఉన్నాయి. పింఛను తీసుకునే మాజీ ఫ్రెంచి సైనికుడు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు కొడుకు దగ్గర ఉంటే ఏ గడిలో రాయాలో ముందే తేల్చుకోవాలి. తాళం వేసిన ఇళ్ల గురించి పక్కింటివాళ్లను అడగాలి. ఆ ఇంటివాళ్లు ఎక్కడికెళ్లారో, వేసవికొస్తారో లేదో, ఇల్లు ఎవరికి అప్పజెప్పి వెళ్లారో వాళ్లు చెప్పగలరు.