వేయి పడగలంటే భయమెందుకు?

తెలుగిళ్ల పుస్తకాల బీరువాలో 'వేయి పడగలు'కు దక్కే మర్యాద గొప్పది. దుమ్ము దులుపుతారు, పేరు గర్వంగా చెబుతారు, తెరవరు. విశ్వనాథ సత్యనారాయణ రాసిన ఈ దాదాపు వెయ్యి పేజీల నవలను మహత్తరమని పొగిడేవాళ్లలోనూ, వర్ణాశ్రమ ధర్మానికి బాకా అని తెగిడేవాళ్లలోనూ చివరి పేజీ దాకా వెళ్లినవాళ్లు తక్కువేననిపిస్తుంది.

ఇంతకీ అది నిజంగా అంత కష్టమా? వాడుక భాషకు అలవాటుపడిన కంటికి గ్రాంథికపు ఛాయలు మొదట్లో అడ్డుపడతాయి. కానీ వాక్యాలు చిన్నవి. కొన్ని పేజీలు గడిస్తే చెవికి పట్టుబడతాయి. అసలు చిక్కు వేరే ఉంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం విశ్వనాథ 29 రోజుల్లో ఆశువుగా చెప్పుకుపోతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. అందుకే ఇందులో రాత కన్నా మాట ఎక్కువ. కథ నడుస్తుండగానే చదువుల మీదో, నాట్యం మీదో, పెళ్లి మీదో ఉపన్యాసం మొదలవుతుంది. కథానాయకుడు ధర్మారావు నోరు విప్పితే అంత త్వరగా ఆపడు. గట్టి సంపాదకుడెవరైనా ఉంటే పావు వంతు కోసేసేవాడే. ఆ పోటీలో బహుమతి పంచుకున్న అడివి బాపిరాజు 'నారాయణరావు'తో ఈ తంటా లేదు, హాయిగా సాగిపోతుంది.

అయినా చదివాక వెంటాడేది 'వేయి పడగలే'. కారణం సుబ్బన్నపేట. సుబ్రహ్మణ్యేశ్వరుడి పడగలు ఒక్కొక్కటే తరిగిపోతుంటే జమీ, గుడి, వాటిని అల్లుకున్న బతుకులు కుంగిపోయే తీరును తెలుగులో మరెవరూ ఇంత విస్తారంగా చూపలేదు. గణాచారి, దేవదాసి గిరిక, పాముకీ మనిషికీ మధ్య ఎక్కడో ఉన్నట్టుండే పసిరిక... వీళ్లను అర్థం చేసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు.

కష్టం తప్పనిసరైన నవలలూ ఉన్నాయి. ఉస్మానియా విద్యార్థి రవి మనసులో ఒకే ఒక్క రోజు సాగే ఆలోచనలే నవీన్ 'అంపశయ్య' (1969). ఆ గజిబిజిని వరసగా సర్దితే నవలే మిగలదు. జాయిస్ 'యులిసిస్' (1922) సంగతీ అంతే. 'వేయి పడగలు' ఉపన్యాసాలకు ఆ సమర్థన లేదు. వాటిని దాటేసినా సుబ్బన్నపేట చెక్కుచెదరదు.

ఇక ఈ నవల చదివితే ఛాందసుల జాబితాలో చేరతామన్న జంకు. దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చింది పి.వి. నరసింహారావు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూసంస్కరణలకు నడుం కట్టి, భూస్వాముల ఆగ్రహానికి గురైందీ ఆయనే.