సెనగ యను పేరు, రెండు పంటలు

సెనగ యను నొక్క పేరు మనలో రెండు పంటలకు చెల్లుచున్నది. సెనగపప్పు, సెనగపిండి యొక పంటనుండి వచ్చుచుండగా, సెనగనూనె వేఱొక పంటనుండి వచ్చుచున్నది. అంగడిలో నీ భేదము నందఱు నెఱుగుదురు. విత్తనము కోరునప్పుడు మాత్రము పేరు పొరపాటునకు తావిచ్చును.

మొదటిది పప్పుసెనగ. సంస్కృతమున దీనిని చణకమందురు. సెనగ యను మాట దానికి వికృతి. ఇది నల్లరేగడియందు, వానలు వెనుకబట్టిన పిమ్మట నేలలో నిలిచిన తేమతోడనే పండును. రెండవది వేరుసెనగ. ఇది దక్షిణ అమెరికాఖండమున పుట్టి మనకు వచ్చిన పంట. దీనికి తేలికనేలలు అనుకూలము. మనవారు క్రొత్తగింజకు పాతగింజ పేరే యిచ్చి, నేలలో కాయుటచేత "వేరు" అను మాటను ముందు చేర్చిరి. పొరుగువారును ఇట్లే చేసిరి. తమిళమున కడలై యనగా పప్పుసెనగ, నిలక్కడలై యనగా వేరుసెనగ. హిందీవారు పెసర పేరు గైకొని మూంగ్‌ఫలీ యనిరి. తెలంగాణమున పల్లీలనియు, కర్నూలు ప్రాంతమున బుడ్డలనియు, అనంతపురము, చిత్తూరు ప్రాంతములలో సెనక్కాయలనియు వ్యవహారము కలదు.

అయితే ఈ కాయ వేరునకు కాయునది కాదు. పువ్వు నేలకు పైననే పూయును. పిందె కట్టిన పిమ్మట దాని క్రిందికాడ ఊడవలె సాగి నేలలో దిగును. ఊడకొన కాయగా మాఱును. వేళ్లయందలి చిన్న బుడిపెలు గాలిలోని నత్రజనిని మొక్కకు కూర్చు సూక్ష్మజీవుల నివాసములు. కాయకు వలయు కాల్షియమును చాలవఱకు ఊడలును కాయలును చుట్టునున్న మంటినుండియే గ్రహించును. కావున పూతసమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సము మొదళ్లచెంత వేసి మన్ను ఎగద్రోయవలయును. విత్తిన 45 దినముల పిమ్మట గుంటక తోలరాదు; తోలినచో ఊడలు తెగి దిగుబడి తగ్గును.

విత్తనమునకు పట్టించు రైజోబియము కల్చరు సైతము ఈ రెండు పంటలకు వేఱువేఱు. పప్పుసెనగ కల్చరు వేరుసెనగకు పనికిరాదు. దేశవాళి పప్పుసెనగ ఎకరమునకు 25 మొదలు 30 కిలోలు చాలును. వేరుసెనగ గింజలు 60 మొదలు 80 కిలోలు వలయును.

కాబట్టి సభ్యులు సంఘమునకు విత్తనము గాని కల్చరు గాని కోరి వ్రాయునప్పుడు "సెనగ" యని విడువక, "పప్పుసెనగ" యనియో "వేరుసెనగ" యనియో పూర్తిగా వ్రాయవలయును. అదను దాటిన పిమ్మట విత్తనము మార్చుకొన్నను ఫలము లేదు.