పీసీఆర్ ‘నెగెటివ్’ వచ్చినా గుంటలో తెల్లమచ్చ!

చిట్టమూరు: హ్యాచరీ నుంచి రొయ్య పిల్లలతో పాటు రైతు చేతికి ఒక కాగితం వస్తుంది. అందులో ‘పీసీఆర్ నెగెటివ్’ అని ఉంటే వైరస్ లేదన్న ధీమాతో సీడ్‌ను గుంటలో వదులుతారు. కొన్ని వారాలకే తెల్లమచ్చ వ్యాధి కనిపిస్తే అనుమానం ల్యాబ్‌పైకి మళ్లుతుంది. అయితే ప్రతిసారీ తప్పు ల్యాబ్‌దే కానక్కరలేదు.

1994-95లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యల సాగును కుదేలు చేసిన వ్యాధి ఇది. మనుషులకు సోకదు గానీ రొయ్యలకు సోకితే 3 నుంచి 10 రోజుల్లో పంట మొత్తం పోవచ్చు. మందు లేదు. 2009లో అనుమతి పొందిన వనామికీ దీని బెడద తప్పలేదు. అందుకే సీడ్ పరీక్షకు అంత ప్రాధాన్యం.

ల్యాబ్‌లో పిల్లలను నూరి డీఎన్ఏను వేరు చేస్తారు. సుమారు 95 డిగ్రీల వేడికి దాని పోగులు విడిపోతాయి. చల్లార్చితే ‘ప్రైమర్లు’ అనే చిన్న తునకలు వైరస్ డీఎన్ఏకు అతుక్కుంటాయి. ఆపై ఎంజైము ప్రతి పోగుకు జతను అల్లుతుంది. ఇలా ఒకటి రెండు, రెండు నాలుగవుతూ 30 విడతలకు లెక్క ప్రకారం 100 కోట్లు దాటుతుంది. ‘నెస్టెడ్’ పద్ధతిలో ఆ ఫలితాన్నే మళ్లీ పరీక్షిస్తారు. మొదటి దశలోనే బయటపడితే వైరస్ ఎక్కువగా ఉన్నట్లు, రెండో దశలో మాత్రమే కనిపిస్తే స్వల్పంగా ఉన్నట్లు. స్వల్పమే కదా అని వదిలితే నీటిలో ఒడిదుడుకులు వచ్చినప్పుడు అది విజృంభించవచ్చు.

యంత్రం ఇంత సున్నితమైనదైనా, దానిలోకి వెళ్లని పిల్ల గురించి అది ఏమీ చెప్పలేదు. చిక్కంతా శాంపిల్‌తోనే. ట్యాంకులో లక్షల పిల్లలుంటే పరీక్షకు వెళ్లేవి కొన్నే. నూటికి 2 పిల్లలకు వైరస్ ఉందనుకుంటే, 30 పిల్లలను తీసినప్పుడు వాటిలో ఒక్క రోగిష్టి పిల్ల కూడా పడకపోయే అవకాశం సగానికి పైగా ఉంది. అంటే పరీక్ష సక్రమంగా జరిగినా రిపోర్టు ‘నెగెటివ్’ అనే వస్తుంది. 150 తీస్తే ఆ ప్రమాదం 5 శాతం లోపునకు తగ్గుతుంది. శాంపిల్ ఒక ట్యాంకుది, కొన్న సీడ్ మరొక ట్యాంకుది అయితే ఆ రిపోర్టుకు విలువే లేదు.

కాబట్టి రిపోర్టులో ట్యాంకు నంబరు, శాంపిల్ తీసిన తేదీ, పిల్లల సంఖ్య, ఏ దశ పరీక్ష చేశారో చూడాలి. వీలైతే శాంపిల్‌ను రైతు ఎదుటే, ట్యాంకు నలుమూలల నుంచీ తీయించుకోవాలి. సీడ్ మంచిదైనా పీతల ద్వారా, శుద్ధి చేయకుండా తోడిన నీటి ద్వారా, పక్క గుంట నుంచి వదిలిన నీటి ద్వారా వైరస్ చేరుతుంది. దానికి హ్యాచరీ ఇచ్చిన కాగితం పూచీ కాదు.