పిల్లికొక వాకిలి

ఇల్లు కట్టునపుడు మనము వాకిళ్లను గూర్చి ఎంతో ఆలోచింతుము. సింహద్వారము ఏ దిక్కున నుండవలెను, గడపకు ఏ కొయ్య శ్రేష్ఠము, పెరటి తలుపు ఎచ్చట నుండవలెను అని పెద్దల నడుగుదుము. గాలికి కిటికీ, పొగకు గూడు, నీటికి తూము అమర్చుదుము. కాని రేయింబవళ్లు మన ధాన్యమును కాచుచు మన యింటనే మెలగు పిల్లి ఏ దారిని రావలెను, ఏ దారిని పోవలెను అని యోచించు గృహిణి అరుదు. మేమును యోచింపలేదు. అందులకు ఒక చిన్న ప్రాణము బలియైనది. ఆ సంగతియు, అటుపిమ్మట మా పెరటి తలుపునకు పిల్లిదారి నొకదానిని అమర్చిన విధమును మీకు తెలియజేయ నెంచితిమి.

మా వారు బడిపంతులు. మా యింట సొమ్ములు తక్కువ, పుస్తకములు ఎక్కువ. ఏడాదికి సరిపడు బియ్యమును ఒక్కసారిగా కొని కొట్టుగదిలో నిలువ చేసికొనుట మాకు అలవాటు. పుస్తకములకును బియ్యమునకును ఎలుకయే శత్రువు. అది తినునది పిడికెడు, పాడుచేయునది కుంచెడు. ఎలుక మూత్రమువలన మనుష్యులకు ప్రమాదకరమగు జ్వరము సోకుటయు కలదు. ఇట్లుండ రెండేండ్ల క్రిందట ఒక వానకాలపు సాయంకాలమున, నుదుట తెల్లని మచ్చ గల బూడిదవన్నె పిల్లి యొకటి పెరటి గోడ దూకి వచ్చి మా కొట్టుగదిలో కాపురము పెట్టినది. బిడ్డలు దానికి చుక్క యని పేరిడిరి.

అత్తగారికి పిల్లి గిట్టదు. పయనమున పిల్లి ఎదురైనచో ఇంటికి మరలి, కాళ్లు కడిగికొని, కొంతసేపు కూర్చుండి మఱి బయలుదేరు తరము వారిది. మా వారు హితోపదేశములోని దీర్ఘకర్ణుని కథను జ్ఞప్తికి తెచ్చి నవ్విరి. ముసలిగ్రద్దను తీయని మాటలతో నమ్మించి, చెట్టుతొఱ్ఱలో చోటు సంపాదించి, పక్షికూనలను తిన్న పిల్లి యది. కాని నెల తిరుగునప్పటికి కొట్టుగదిలో ఎలుకల సడి యణగినది. అత్తగారు మౌనము వహించిరి. వంటయింటిలోనికి రారాదు, మడిబట్టల దరి చేరరాదు అను రెండు నియమములతో చుక్క మా యింటిది అయినది. దాని రాకపోకలకు మాత్రము మేము తీసినప్పుడు తీసిన తలుపే దిక్కు.

గడచిన మార్గశిర మాసమున చుక్క పాతగోనెల నడుమ మూడు కూనలను పెట్టినది. పండ్రెండవనాటికి వాని కన్నులు విచ్చుకొనినవి. ఆనాడే దగ్గఱి బంధువుల యింట వివాహము. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి మరలి రావచ్చునని తలచి, పెరటి తలుపునకు లోగడియ వేసి, వీధి తలుపునకు తాళము వేసితిమి. పిల్లి లోపల నున్నదా, వెలుపల నున్నదా యని మాలో ఒక్కరమును చూడలేదు. పెండ్లిలో ఆలస్యమై, బస్సు తప్పిపోయి, మఱునాడు ప్రొద్దెక్కిన పిమ్మట ఇల్లు చేరితిమి.

చుక్క పెరటి గడపకడ నుండెను. అఱచి యఱచి దాని గొంతు పోయినది. తలుపు అడుగుభాగమున జానెడు మేర గోళ్ల గీతలు పడి, కొయ్య పేళ్లు లేచియున్నవి. తలుపు తీయగనే అది మమ్ము కన్నెత్తియైన చూడక లోపలికి దూకినది. రెండు కూనలు బలహీనముగా కదలుచుండెను. మూడవది చల్లబడి యుండెను. చుక్క దానిని కూడ నాకుచు, తన పొట్టక్రిందికి త్రోసికొనుచు చాలసేపు పడుకొని యుండెను. “తలుపు వేసినది మనమే కదా, అమ్మా!” అని మా చిన్నమ్మాయి అన్నది. మేమేమియు చెప్పజాలకపోతిమి.

ఆ రాత్రియే చుక్క మిగిలిన కూనలను ఒకదాని వెంట ఒకటిగా నోట కఱచికొని ప్రక్కింటివారి గడ్డివామికి చేర్చినది. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. దానిని మనము నిలుకడలేమికి గుర్తుగా వాడుదుము. కాని ఆపద తోచిన చోట కూనలను ఉంచకుండుట తల్లిపిల్లి వివేకము. వైష్ణవాచార్యులు శరణాగతిని బోధించునపుడు మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము అని రెండు చెప్పుదురు. కోతిపిల్ల తానే తల్లిని కఱచిపట్టుకొనును. పిల్లికూన యే యత్నమును చేయదు, తల్లియే దానిని మోయును. చిన్ననాడు తండ్రిగారి యొద్ద దీనిని చదువుకొంటిమి. మోయవలసిన తల్లికి దారి మూసినచో కూన గతి యేమి యని మాత్రము నాడు మాకు తోచలేదు.

“తలుపునకు ఒక కంత కోయించుము, అమ్మాయీ! మన గడపకడ తల్లి యుసురు తగులరాదు” అని మొదట పలికినవారు అత్తగారే. పసిబిడ్డలను కాచు షష్ఠీదేవికి పిల్లియే వాహనమని కూడ వారే చెప్పిరి.

ఈ యూహ మాతో పుట్టినది కాదు. మనుష్యుడు ధాన్యము కూడబెట్టిన నాడే ఎలుక వచ్చినది. ఎలుక వెంట పిల్లి వచ్చినది. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధి యొకదానిలో మనిషి చెంతనే పిల్లి యెముకలు బయల్పడినవి. ఇంగ్లండు దేశమున 14వ శతాబ్దపు కవి చాసరు వ్రాసిన కథలలో తలుపు అడుగున పిల్లి దూరు కంత ప్రస్తావనకు వచ్చును. ఆ దేశమునందే ఎక్సెటరు పట్టణపు ప్రధాన క్రైస్తవాలయపు లెక్కలలో 1305 మొదలు 1467 వఱకు పిల్లి పోషణకై వారమునకు ఒక పెన్నీ చొప్పున చెల్లించినట్లున్నది. అచ్చటి పెద్ద గడియారము క్రింది తలుపునకు పిల్లికై కంత కోసినందులకు 1598లో వడ్రంగులకు 8 పెన్నీలు ఇచ్చిరి. ఆ కంత నేటికిని ఉన్నది. న్యూటను మహాశయుడు పెద్దపిల్లికి పెద్ద కంతయు, కూనకు చిన్న కంతయు కోయించెనని ఒక వేడుక కథ కలదు. కాని ఆయన గదిలో కుక్కయు లేదు, పిల్లియు లేదని ఆయన లేఖకుడే వ్రాసియుండుటచే అది కల్పన యని తోచును. ఎట్లయినను తల్లికి తగిన కంత ఒక్కటి యున్న కూనకు వేఱొకటి వలదు.

ఇక పని సంగతి. మొదట చోటు నిర్ణయింపవలెను. సింహద్వారము పసుపు కుంకుమలు పెట్టు తావు గాన దానిని ముట్టరాదని అత్తగారి మాట. వంటయింటి తలుపు మడికి అడ్డు. కావున కొట్టుగదిని ఆనుకొనియున్న పెరటి తలుపు మిగిలినది. కంతలో చేయి దూర్చిన దొంగకు లోగడియ అందరాదు. మనిషి చేయి భుజము వఱకు రెండడుగులకు పైబడి యుండును గనుక గడియకును కంతకును అంతకు మించిన దూరముండవలెను. తలుపు పలకలను కూర్చు అడ్డబద్దెలను కోయరాదు. కోసినచో తలుపు బిగువు చెడును. అద్దె యింట నుండువారు యజమాని యనుమతి పొందనిదే రంపము ఎత్తరాదు.

పిమ్మట కొలతలు. పిల్లి మెడయెముకలు మనవలె భుజములకు గట్టిగా అతుకుకొని యుండవు గాన తల దూరిన సందున ఒడలును దూరునని చెప్పుదురు. అది నిజమే గాని బలిసిన పిల్లికిని, చూలుపిల్లికిని అది చాలదు. సామాన్యముగా ఆఱంగుళముల వెడల్పు, ఆఱున్నర అంగుళముల యెత్తు సరిపోవును. చుక్క కూనను నోట పట్టుకొని రావలసియున్నది గాన మేము ఇరువైపుల నొక్కొక అంగుళము పెంచితిమి. కంత అడుగు అంచు పిల్లి పొట్ట యెత్తునకు, అనగా నేలనుండి నాలుగైదు అంగుళములకు మించరాదు. మన యిండ్ల గడపలు ఎత్తైనవి. లోపలి నేలనుండి కొలిచినది సరిపోయినను వెలుపలి నేల పల్లమున నుండును. మేము లోపలి కొలతనే చూచితిమి. వెలుపల పిల్లి ఎగురవలసి వచ్చినది. తుదకు రెండిటుకలు పెట్టి మెట్టు కట్టించితిమి. మీరు ముందే ఇరువైపుల కొలుచుకొనుడు.

వడ్రంగి కాగితముపై చతురము గీసి తలుపునకు అంటించెను. చోటు వెదకుకొన నక్కఱ లేకపోయినది. చుక్క గోళ్లతో గీచిన తావుననే అది సరిగా కుదిరినది. నాలుగు మూలల బరమాతో బెజ్జములు పెట్టి, సన్నరంపముతో మెల్లగా కోసి, అంచులను గరుకు కాగితముతో నున్నన చేసెను. క్రొత్తగా కోసిన కొయ్య నీరు పీల్చి ఉబ్బును, చెదలు పట్టును. కావున అంచులకు రెండు పూతలు వార్నీషు వేయించితిమి. కోసి తీసిన చెక్కను పాఱవేయనీయక దాచితిమి.

రెప్పతలుపు విషయమున మొదట పొరబడితిమి. చౌక యని రేకు పెట్టించితిమి. అది గాలికి టపటప కొట్టుకొనెను, అంచు పదును, ఆవల ఏమున్నదో పిల్లికి కనబడదు. చుక్క దాని దరిని చేరలేదు. మఱల తేలికయగు పారదర్శకపు ప్లాస్టిక్కు పలకను, పై అంచున మడతబందులతో, లోపలికిని వెలుపలికిని ఊగునట్లు వ్రేలాడదీయించితిమి. తోకయు పాదమును నలుగకుండ చుట్టును కొంచెము సందు విడిచి, చప్పుడు కాకుండ అడుగున రబ్బరు పట్టీ అంటించి, గాలికి ఊగకుండ చిన్న అయస్కాంతపు ముక్క నమర్చితిమి. అంగడిలో సిద్ధముగా దొఱకునవియు కలవు. వానికి నాలుగు విధముల గడియ యుండును: రాకపోకలు రెండును, రాక మాత్రము, పోక మాత్రము, రెండును మూత. పిల్లి చర్మము క్రింద నుంచిన బియ్యపుగింజంత చిప్పును గుర్తించి దానికే తెఱచుకొనునవియు వచ్చినవి. వెల మాత్రము హెచ్చు.

పిల్లికి నేర్పుటలో ఓరిమి ముఖ్యము. తల పట్టి త్రోసినచో అది ఆ దారిని జన్మలో త్రొక్కదు. మొదటి నాలుగు దినములు పలకను పూర్తిగా పైకి ఎత్తి కట్టితిమి. పిదప సగము దించితిమి. మేత గిన్నెను ఒకనాడు లోపల, ఒకనాడు వెలుపల పెట్టితిమి. మా యింట చేప వండరు. కాని పిల్లి మాంసాహారమువలననే బ్రదుకు ప్రాణి గాన దాని మేతను కొని తెచ్చి వేఱు గిన్నెలో పెట్టుదుము. ఆవుపాలు ఎదిగిన పిల్లులలో పెక్కింటికి అరుగవు, మంచినీరు చాలును.

తెఱచిన దారిని మిత్రుడు వచ్చును, శత్రువును వచ్చును. పాము, పందికొక్కు, ఊరి గండుపిల్లి ఆ కంతనే వెదకును. అందుచే చీకటి పడగనే చుక్కను లోనికి పిలిచి, దాచియుంచిన చెక్కనే గాడిలో దింపి కంతను మూయుదుము. కంత దరిని రాత్రి మేత మిగుల్చరాదు. పిల్లి చచ్చిన ఎలుకను తెచ్చి కానుకగా పెట్టిన కొట్టరాదు. చేతికి తొడుగు వేసికొని తీసి పాతిపెట్టవలెను. వెలుపల తిరుగు పిల్లికి పిచ్చికుక్క వ్యాధి సోకవచ్చును గాన ఏటేట పశువైద్యుని చేత టీకా వేయింపవలెను. ఏ పిల్లి కఱచినను, గీఱినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. ఆడపిల్లి నాలుగైదు నెలల ప్రాయమునుండియే చూలు దాల్చగలదు; తొమ్మిది వారములకు ఈనును. కూనలు పాలు మానిన పిమ్మట చుక్కకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించితిమి.

కంత కోయించిన తొమ్మిదవనాటి వేకువ. అత్తగారు జపమున నుండిరి, మేము పెరట నీళ్లు తోడుచుంటిమి. గోడమీద చుక్క కనబడినది. దాని నోట కూన. ఇటుకలపై నిలిచి మమ్ము చాలసేపు చూచినది. మేము చేద విడువక కదలకుండ నిలిచితిమి. పలక ఊగినది; చుక్క లోపలికి పోయినది. కొంతసేపటికి వట్టి నోటితో వెలికివచ్చి గోడ దాటి రెండవదానిని తెచ్చినది. అత్తగారు జపమాల ప్రక్కనుంచి, కొట్టుగది గుమ్మము కడనుండి చూచి, “రెండును వచ్చినవి” అనిరి. మూడవదాని మాట ఎవరును ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కూనలలో ఒకటి గడ్డివామి యజమానుల యింట పెరుగుచున్నది. ప్రతి రాత్రియు కంత మూయుపని మా చిన్నమ్మాయిది. ఆ చెక్కమీద చుక్క గోళ్ల గీతలు నేటికిని ఉన్నవి. వానిని చిత్రిక పట్టి నున్న చేయుదునని వడ్రంగి చెప్పగా వలదంటిమి. చిన్నది ముందుగా దీపము పట్టుకొని గోనెలనడుమ వెదకి, చుక్కయు కూనయు లోపల నున్నవని మాతో చెప్పి, అటుపిమ్మటనే చెక్కను దించును. సోదరీమణులారా! మీ యింట పిల్లిదారి యున్నను లేకున్నను, తాళము వేయుటకు ముందు ఈ యొక్క పనిని మఱువకుడు.