కౌంటర్‌కు అటువైపు ఎవరు?

నగరానికి కులం లేదని, మార్కెట్‌కు అసలే లేదని వాదించేవారు ఇప్పుడు హైదరాబాద్ పశ్చిమ శివారును సాక్ష్యంగా చూపుతున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి రాళ్లగుట్టలు, చెరువుల మధ్య చిన్న ఊళ్లుగా ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలలో నేడు అంతస్తులకొద్దీ మాల్‌లు వెలిశాయి. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచింది. 2018లో ఐకియా భారతదేశంలో తొలి అడుగు ఇక్కడే వేసింది. పెద్ద జీతాల కొత్త మధ్యతరగతి ఎక్కడ ఇల్లు కట్టుకుంటే దుకాణం అక్కడికే నడిచింది. బేగంబజార్‌కో, మోండా మార్కెట్‌కో వెళ్లి సరుకు తెచ్చుకునే అవసరం శివారువాసికి తగ్గిపోయింది.

ఈ మార్పులో విముక్తి ఏమీ లేదని నేను అనను. నా బాల్యంలో మా వాడవాళ్లు ఊరి కిరాణా కొట్టు అరుగు కిందే నిలబడి సరుకు అడిగేవారు. చేతికి చేయి తగలకుండా చిల్లరను పైనుంచి జారవిడిచేవారు. బియ్యం బస్తాలో చేయి పెట్టి గింజ చూసే హక్కు మాకు లేదు. నేడు మా వాడ పిల్ల సూపర్ మార్కెట్‌లో తనకు కావలసిన వస్తువును తన చేత్తో తీసి, తిప్పి చూసి, నచ్చకపోతే తిరిగి అక్కడే పెడుతోంది. బిల్లు కొట్టే యంత్రం ఆమె ఇంటిపేరు అడగదు. తరాలుగా అవమానం తిన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే కౌంటర్‌కు రెండు వైపులుంటాయి. కొనేవైపు కులం పలచబడినంతగా అమ్మేవైపు పలచబడలేదు. మాల్‌ల వెల్లువకు ముందు, 2005 ఆర్థిక గణన ప్రకారం దేశంలోని సంస్థల్లో షెడ్యూల్డ్ కులాల యాజమాన్యంలో ఉన్నవి దాదాపు 9.8 శాతం. జనాభాలో వారి వాటా మాత్రం 16 శాతం పైమాటే. అదే ఏడాది మిలింద్ కాంబ్లే పుణెలో దళిత వాణిజ్య, పరిశ్రమల సమాఖ్యను స్థాపించడం వెనుక ఉన్నది ఈ లోటే.

ఈ లోటుకు మూలం భూమిలో ఉంది. శివారు పెరిగినప్పుడు రోడ్డు పక్కన పట్టా భూమి ఉన్న కుటుంబం వాణిజ్య సముదాయం కట్టింది, అద్దెలు తీసుకుంది, ఆ ఆస్తి చూపి బ్యాంకులో అప్పు తెచ్చింది. అదే ఊళ్లో దళితుడికి దక్కినది చాలాచోట్ల అసైన్డ్ భూమి. దాని బదిలీని 1977 చట్టం నిషేధించింది. పేదవాడి భూమి పెద్దల పాలు కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ నగరం గుమ్మందాకా వచ్చిన రోజున ఆ భూమి అతనికి పెట్టుబడిగా మారలేదు. స్టాండప్ ఇండియా పథకం 2016 నుంచి 2025 వరకు ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యాపారికి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణమివ్వాలంది. అయితే ఖరీదైన వీధిలో దుకాణానికి అడ్వాన్సు కట్టడానికి వెనక ఆస్తి లేనివాడికి ఆ రుణంతో సగం దారే దొరికేది.

మరి మనవాళ్లు మాల్‌లో ఎక్కడున్నారు? నేల తుడిచేవారితో, గేటు దగ్గర నిలబడేవారితో నేను మాట్లాడినప్పుడల్లా ఎక్కువగా దళిత, బహుజన ఇళ్లవారే ఎదురయ్యారు. వారికి జీతమిచ్చేది మాల్ కాదు, మధ్యలోని ఏజెన్సీ. మట్టికుండ, వెదురుబుట్ట, తోలుచెప్పు హస్తకళల పేరుతో అద్దాల బీరువాలోకి ఎక్కాయి. వాటిని చేసిన కుమ్మరి, మేదరి, మాదిగ మాత్రం బీరువా బయటే మిగిలారు.

బయట మిగిలినవారికి తోపుడుబండి ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం స్థానాలు ఆ వ్యాపారులకే ఇవ్వాలని, వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని చెబుతోంది. కొత్త కాలనీల నక్షాల్లో కార్లకు చోటు గీస్తారు గాని బండికి గీయరు. చట్టం అమలు నక్షా గీసేనాడే మొదలుకావాలి.

2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే జరిపి, ఎస్సీలు 17.43 శాతమని లెక్క తేల్చింది. ఇళ్లను లెక్కించిన ప్రభుత్వం దుకాణాలను కూడా లెక్కించాలి. వ్యాపార లైసెన్సులు నగరపాలక సంస్థల చేతిలోనే ఉన్నాయి. యజమాని ఏ సామాజిక వర్గమో తెలిపే గడి ఒకటి ఆ దరఖాస్తులో చేర్చి, ప్రాంతాలవారీగా మొత్తాలను ఏటా ప్రకటించాలి. ప్రభుత్వ స్థలాల్లో కట్టే వాణిజ్య సముదాయాల్లో దళిత, బహుజన యువతకు జనాభా దామాషాలో దుకాణాలు కేటాయించాలి. కొనడానికి లోపలికి రానిచ్చారని మనం సంతోషించి ఆగిపోతే, వచ్చే తరం కూడా కౌంటర్‌కు ఇటువైపే నిలబడుతుంది.