హోసూరు ఓటరు మనసు: అపోహలు, వాస్తవాలు

2024 జూన్‌లో తమిళనాడులోని కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసి, చివర ‘జై తమిళనాడు’ అన్నారు. ఈ ప్రాంతం తెలియనివాళ్లకు అది వింతగా తోచి ఉండవచ్చు. ఆ నియోజకవర్గంలోని హోసూరు, తళి, బాగలూరు, డెంకణికోట వైపు ఇంట్లో తెలుగో కన్నడమో, బస్సులో తమిళం, పనిచేసే కంపెనీలో ఆ మూడూ కలిపి మాట్లాడేవాళ్లు ఎందరో. ఇలాంటి చోట ఎన్నికలు వచ్చాయంటే ఓటరు మనసు గురించి ప్రతి ఒక్కరూ ఖాయంగా ఏదో ఒకటి చెబుతారు. అలా చెప్పేవాటిలో చాలావరకు నిలబడవని రాజకీయ మనస్తత్వశాస్త్రం ఎన్నో ఏళ్లుగా చూపిస్తూ వస్తోంది.

అపోహ: తెలుగువారి ఓటు తెలుగు అభ్యర్థికే.

వాస్తవం: మనిషికి ఒకటే గుర్తింపు ఉండదు. హోసూరు దగ్గర గులాబీ తోట వేసిన రైతు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. అతనికి ఒక కులం ఉంది, బ్యాంకులో అప్పుంది, బడికెళ్లే కూతురుంది, చిన్నప్పటి నుంచి అభిమానించే పార్టీ ఉంది. బూత్‌లోకి అడుగుపెట్టేసరికి వీటిలో ఏది ముందుకొస్తుందన్నది ఆనాటి పరిస్థితిని బట్టి తేలుతుంది. కృష్ణగిరి దగ్గరి బర్గూరునే చూడండి. 1991లో, రాజీవ్ గాంధీ హత్య జరిగిన కొద్ది వారాలకు, అక్కడి ఓటర్లు జయలలితను గెలిపించారు. 1996లో ముఖ్యమంత్రిగా ఉన్న ఆవిడనే ఓడించారు. ఆ అయిదేళ్లలో ఆ ఊళ్ల భాష మారలేదు, కులాలు మారలేదు. హోసూరులో కూడా 2001 నుంచి మూడుసార్లు వరసగా గోపీనాథ్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2016లో ఆ సీటు అన్నాడీఎంకేకు, 2019 ఉపఎన్నికలోనూ 2021లోనూ డీఎంకేకు వెళ్లింది.

ఇక్కడ ఆఫ్రికా నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి, ఎందుకంటే అది సరిహద్దు జిల్లాలవాళ్లకు బాగా అర్థమవుతుంది. జాంబియా, మలావీ దేశాల మధ్య వలసపాలకులు గీసిన సరిహద్దుకు రెండు పక్కలా చేవా, తుంబుకా అనే రెండు తెగలున్నాయి. ఒక్కో తెగకు భాషా, ఆచారాలూ అటూ ఇటూ ఒకటే. అయినా మలావీలో ఈ రెండు తెగలూ రాజకీయంగా ప్రత్యర్థులు, జాంబియాలో మిత్రులు. దీన్ని పరిశీలించిన డేనియల్ పోస్నర్ 2004లో కారణం చెప్పారు. మలావీలో రెండు తెగలూ దేశ జనాభాలో పెద్ద భాగం కాబట్టి ఒక్కో తెగ పేరు మీద ఓట్లు కూడగట్టడం లాభసాటి. జాంబియాలో రెండూ చిన్నవే, కలిస్తేనే బలం. అంటే ఏ తేడాకు రాజకీయ విలువ వస్తుందో తేల్చేది ఆ తేడా ఒక్కటే కాదు, అది ఏ రంగస్థలం మీద నిలబడిందన్నది కూడా.

కృష్ణగిరి జిల్లాను ఆనుకొనే ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ఉంది. అక్కడా తెలుగు, తమిళం, కన్నడం కలిసే వినిపిస్తాయి. అక్కడ తెలుగు రాష్ట్ర భాష, కాబట్టి తెలుగు పేరు చెప్పి ఓటడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. హోసూరులో అదే తెలుగు రాష్ట్రం లెక్కలో అల్పసంఖ్యాక భాష, బడిలో దానికి చోటు కావాలన్నది ఒక డిమాండు. అందుకే హోసూరులో అది ఎన్నికల మాట అవుతుంది.

అపోహ: బూత్ లెక్క చూస్తే ఏ వీధి, ఏ జనం ఎవరికి వేశారో తెలిసిపోతుంది.

వాస్తవం: ఇది ఈ ప్రాంతంలోనే కాదు, దేశమంతటా అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ అని నా అభిప్రాయం. 1950లో డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930 అమెరికా జనగణన తీసి చూశారు. విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువగా ఉంది. దాన్ని బట్టి వలస వచ్చినవారే బాగా చదువుకున్నవారనుకోవాలి. మనిషి మనిషినీ లెక్కిస్తే ఫలితం తలకిందులైంది, వారిలోనే అక్షరాస్యత తక్కువ. చదువు బాగా ఉన్న రాష్ట్రాలకు వాళ్లు వలస వెళ్లారు, అంతే. గుంపు లెక్క నుంచి మనిషి లెక్క తీయకూడదని రాబిన్సన్ హెచ్చరించారు.

తెలుగు ఇళ్లు ఎక్కువున్న బూత్‌లో ఒక పార్టీకి 600 ఓట్లు వచ్చాయనుకోండి. అవి తెలుగువారివో, అక్కడే అద్దెకుండే తమిళ, హిందీ కార్మికులవో బూత్ లెక్క కాగితం చెప్పదు. కృష్ణగిరి అసెంబ్లీ స్థానంలో 2021లో అన్నాడీఎంకే గెలుపు తేడా కేవలం 794 ఓట్లు. అంత స్వల్ప తేడాలో ప్రతి కులమూ, ప్రతి భాషా, ప్రతి వీధీ ‘మావల్లే గెలిచారు’ అనవచ్చు. ఏ ఒక్కరినీ కాదనలేం.

హాని ఎక్కడంటే, ఓడిన అభ్యర్థి మనుషులు ఆ కాగితం పట్టుకుని ‘మీ వీధి మాకు వేయలేదు’ అని నీళ్ల ట్యాంకరు దగ్గర, రోడ్డు పని దగ్గర గుర్తుచేస్తారు. బ్యాలెట్ పత్రాల కాలంలో అవసరమైన చోట బూత్‌ల పత్రాలను కలిపి లెక్కించే వీలు ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 59ఏ కింద ఉండేది. ఓటింగ్ యంత్రం వచ్చాక బూత్‌వారీ లెక్క అందరికీ కనిపిస్తోంది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి చూపే ‘టోటలైజర్’ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. అది రావాలి. రహస్య ఓటు ఒక్క మనిషికే కాదు, వీధికీ కావాలి.

అపోహ: ‘డబ్బుకు లొంగేది వాళ్లు, నేను కాదు.’

వాస్తవం: ప్రచారం తనకంటే ఇతరుల మీదే ఎక్కువ పనిచేస్తుందని మనిషి అనుకోవడాన్ని డబ్ల్యూ. ఫిలిప్స్ డేవిసన్ 1983లో ‘మూడో మనిషి ప్రభావం’ అన్నారు. పేదల ఓటు గురించి మనం మాట్లాడే మాటల్లో ఇది బాగా కనిపిస్తుంది. డబ్బు పంపకం నిజమే. తమిళనాడులోని వేలూరులో 2019 లోక్‌సభ ఎన్నిక దీనివల్లే రద్దయింది. అయితే తీసుకున్నవారంతా అటే వేస్తారన్న మాట వేరు. ముంబైలో అభ్యర్థుల పంపకాలను అధ్యయనం చేసిన సైమన్ షోషార్, ఎవరు ఎటు వేశారో కనిపెట్టే దారి అభ్యర్థులకు లేదనీ, ఎదుటివాడు పంచుతున్నాడన్న భయంతోనే పంచుతున్నారనీ 2018లో రాశారు.

అపోహ: తన భాష కావాలనేవాడు ఎదుటి భాషను ద్వేషిస్తాడు.

వాస్తవం: హెన్రీ తాజ్‌ఫెల్ 1970ల మొదట్లో బ్రిస్టల్ బడిపిల్లలను క్లే, కాండిన్‌స్కీ అనే చిత్రకారులలో ఎవరి బొమ్మలు నచ్చాయన్న సాకుతో రెండు జట్లు చేశారు. అంత అల్పమైన విభజనకే పిల్లలు తమ జట్టుకు ఎక్కువ పంచారు. అయితే తనవారి మీద మమకారం, పరాయివారి మీద ద్వేషం రెండూ వేరువేరనీ, ఒకటి ఉంటే రెండోది ఉండి తీరాలని లేదనీ 1999లో మేరిలిన్ బ్రూయర్ వివరించారు. లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసి తమిళనాడుకు జై కొట్టడంలో వైరుధ్యం ఏమీ లేదు.

అపోహ: నిజం చెబితే జనం ఇంకా మొండికేస్తారు.

వాస్తవం: బ్రెండన్ నైహాన్, జేసన్ రైఫ్లర్ 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్నిచోట్ల అలా జరిగింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ పదివేల మందికి పైగా మనుషులతో 52 అంశాలపై పరీక్షించి 2019లో ఫలితాలు అచ్చువేశారు. ఎదురు తిరగడం దాదాపు కనబడలేదు. సరైన సమాచారం ఇస్తే మనిషి తన నమ్మకాన్ని ఎంతో కొంత సరిదిద్దుకుంటాడు, ఓటు మాత్రం అంత తేలిగ్గా మారదు.

కాబట్టి హోసూరు వైపు తెలుగు కుటుంబాలతో 2006 తమిళ బోధన చట్టం గురించి మాట్లాడేటప్పుడు భయమూ ఆవేశమూ పక్కనపెట్టి అందులో ఏముందో చెప్పాలి. అది ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. మాతృభాషను పాఠ్యక్రమం నాలుగో భాగంలో ఐచ్ఛిక పాఠ్యాంశంగా చదువుకోనిచ్చింది, నిషేధించలేదు. ఐచ్ఛికంగా మిగిలిన భాషను పిల్లలు ఎంత శ్రద్ధగా చదువుతారు, బడి దానికి టీచర్ని ఇస్తుందా లేదా అన్నవి అభ్యర్థి గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఆయన ఏ భాషలో ఓటడిగినా, అడగాల్సిన ప్రశ్నలు.